పాత ట్రాక్టరు స్టార్టు కాకున్నను, నడుమ ఆగిపోయినను లోపమును కనుగొను విధము

మృగశిర కార్తెలో మంచి వాన పడినది. మరునాడు తెల్లవారకముందే పొలమునకు పోవుటకై ట్రాక్టరు ఎక్కి తాళపు చెవి త్రిప్పితిరి. ఇంజను అందుకొనలేదు. మెకానిక్కునకు కబురు పంపగా, ఆనాడు నాలుగూళ్ళ నుండి అట్టి కబుర్లే ఆయనకు అందియున్నవని తెలిసినది. ఆయన వచ్చు నాటికి ఎర్రచెలకలో పదును ఆరిపోవును. అదను తప్పిన పిదప ఎంత ఎరువు వేసినను ఆ లోటు పూర్తిగా తీరదు. లోపము యంత్రములో ఉన్నను నష్టము పంటకు వచ్చును. అందుచేతనే విత్తనములను గురించి, తెగుళ్ళను గురించి చదువు ఈ పుటలలో ఇంజనును గురించి కూడ కొంత తెలిసికొనుట అవసరము.

నేను చదివినది వ్యవసాయ శాస్త్రము, మెకానిక్కును కాను. అయినను గ్రామములలో తిరుగునపుడు ఆగియున్న పాత ట్రాక్టర్లను చాల చూచితిని. వానిలో పెద్ద లోపముతో ఆగినవి తక్కువ. ఒక గ్రామములో ఒక రైతు ఉదయము నుండి ప్రయత్నించి బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసెను. పిమ్మట మరొక ట్రాక్టరుతో లాగించెను. అప్పటికిని ఇంజను అందుకొనకపోగా డీజిలు పంపు విప్పించుటకు సిద్ధపడెను. తీరా చూడగా, ఇంజనును ఆపుటకు లాగెడు స్టాపు తీగ తుప్పు పట్టి, తిరిగి తన చోటికి పోలేదు. అనగా డీజిలు పంపు రాత్రి ఆపిన స్థితిలోనే ఉన్నది. తీగకు నాలుగు చుక్కల నూనె వేసి, చేతితో నెట్టి, మరొక బ్యాటరీ పెట్టి త్రిప్పగా వెంటనే స్టార్టయినది. కాని ఆ రైతునకు ఒక దినము పోయినది. ఆ మరునాడు మరల వాన కురిసినందున విత్తుట మరి నాలుగు దినములు వెనుకబడినది.

దీనిని బట్టి మనము నేర్చుకొనవలసినది ఒకటున్నది. చేతికందునదియు, ఖర్చు లేనిదియు ముందు చూడవలెను. ఖరీదైన భాగమును చివర విప్పవలెను. ఒకసారి ఒక దానినే సరిచేసి, స్టార్టు చేసి చూచి, ఆ తరువాతనే రెండవ దానికి పోవలెను. నాలుగు చోట్ల ఒకేసారి విప్పినచో అసలు లోపమేదో ఎన్నటికిని తెలియదు; పైగా లేని లోపములు క్రొత్తగా వచ్చును.

ఈ క్రింది పద్ధతి ఇనుప గొట్టములు, మామూలు డీజిలు పంపు గల పాత ట్రాక్టర్లకు వర్తించును. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి క్రొత్త పొగ నిబంధనలు వచ్చినవి. ఆ తరువాత తయారైన వానిలో డీజిలును కంప్యూటరు అదుపు చేయునవి కలవు. అట్టి వాని డీజిలు గొట్టములను ఇంటివద్ద విప్పరాదు.

ఇంజనునకు కావలసినవి నాలుగు

పెట్రోలు కారులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండును. డీజిలు ఇంజనులో అది లేదు. సిలిండరులోని గాలిని పిస్టను సుమారు పదహారు, పదునెనిమిదవ వంతునకు నొక్కినపుడు ఆ గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడునకు మించి వేడెక్కును. ఆ వేడిలో డీజిలును సన్నని తుంపరగా చిమ్మగా దానంతటదే మండును. రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు 1897లో జర్మనీలోని ఔగ్స్‌బర్గ్ నగరమున విజయవంతముగ నడిపి చూపిన ఇంజనునకు మూలము ఇదే. మీ ట్రాక్టరు కూడ ఈ సూత్రము మీదనే నడచుచున్నది.

కనుక ఇంజను అందుకొనుటకు నాలుగు కావలెను:

1. ఇంజనును వడిగా త్రిప్పు బలము. ఇది బ్యాటరీ, స్టార్టరుల పని. స్టార్టరునే మన డ్రైవర్లు సెల్ఫ్ అందురు.
2. గాలి బుడగలు, నీరు లేని శుభ్రమైన డీజిలు.
3. ధారాళమైన గాలి.
4. సిలిండరులో గాలిని నొక్కి ఉంచగల బిగువు. దీనినే కంప్రెషను అందురు.

ఈ నాలుగింటిలో ఏది లోపించినదో తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. సెల్ఫ్ తిరుగుచున్నదా? తిరుగునపుడు పొగ గొట్టము నుండి పొగ వచ్చుచున్నదా? ఒకవేళ స్టార్టయి ఆగుచున్నచో, ఎప్పుడు ఆగుచున్నది? ఈ మూడింటికి జవాబు చెప్పగలిగినచో సగము పని అయినట్లే.

మొదటి ప్రశ్న: సెల్ఫ్ తిరుగుచున్నదా?

సెల్ఫ్ తిరగనిచో ముందుగా పెద్ద దీపములు వెలిగించి, వానిని చూచుచు తాళపు చెవి త్రిప్పవలెను. క్లచ్చి తొక్కి, గేరు న్యూట్రలులో ఉంచుట మరువరాదు. కొన్ని ట్రాక్టర్లలో క్లచ్చి పూర్తిగా తొక్కనిదే సెల్ఫ్ పని చేయదు.

దీపములు అసలే వెలగనిచో బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయినది, లేదా తీగ ఊడినది. దీపములు బాగుగా వెలిగి, చెవి త్రిప్పగానే మసకబారి, టిక్కు టిక్కుమని శబ్దము వచ్చినచో బ్యాటరీ బలము చాలదు, లేదా బ్యాటరీ కొనల వద్ద పట్టు సరిగా లేదు. దీపములు ఏమాత్రము తగ్గక, సెల్ఫ్ నుండి శబ్దమే రానిచో తాళము స్విచ్చి, క్లచ్చి వద్దనుండు స్విచ్చి, లేదా వాని నుండి సెల్ఫ్‌నకు పోవు సన్న తీగ చెడినదని గ్రహించవలెను.

వీనిలో బ్యాటరీ కొనల వద్ద పట్టు చెడుటయే తరచుగా కనిపించును. కొనలపై తెల్లగనో పచ్చగనో బూజు వంటి తుప్పు పేరుకొనును. చెవిని కొద్దిసేపు త్రిప్పి వదిలి, కొనలను, బాడీకి బిగించిన తీగ కొసను చేతితో తాకి చూడుడు. ఏది వేడిగా తగులునో అచ్చట పట్టు సరిగా లేదన్నమాట. శుభ్రము చేయునపుడు బాడీకి పోవు తీగను మొదట విప్పి, బిగించునపుడు దానిని చివర బిగించవలెను. ఇట్లు చేసినచో పానా పొరబాటున ఇనుమునకు తగిలినను మెరుపులు రావు. తుప్పును వంటసోడా కలిపిన నీటితో కడిగి, గరుకు కాగితముతో రుద్ది, బిగించిన పిదప కొద్దిగా వాజలిన్ పూయవలెను. సోడా నీరు బ్యాటరీ లోనికి పోకుండ చూడవలెను. బాడీకి తీగ బిగించిన చోట రంగు, తుప్పు, బురద ఉన్నచో వానిని కూడ గీకివేయవలెను.

చవకైన మీటరు ఒకటి ఉన్నచో బ్యాటరీ సంగతి స్పష్టముగ తెలియును. రాత్రంతయు కదలక ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 వోల్టులు చూపినచో నిండుగా ఉన్నట్లు. 12.2 చూపినచో సగమే ఉన్నట్లు. సెల్ఫ్ త్రిప్పుచుండగా 9.6 వోల్టుల కంటె దిగినచో బ్యాటరీ బలహీనమైనది, లేదా సెల్ఫ్ అధికముగ కరెంటు తీసికొనుచున్నది. నిండు బ్యాటరీతో, శుభ్రమైన కొనలతో కూడ సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినచో దానిని విప్పి మెకానిక్కునకు చూపవలెను.

ఛార్జి ఎక్కునపుడు బ్యాటరీ నుండి మండెడు వాయువు వెలువడును. దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు.

రెండవ ప్రశ్న: తిరుగునపుడు పొగ వచ్చుచున్నదా?

సెల్ఫ్ బాగుగా తిరుగుచు ఇంజను అందుకొననిచో ఒకరు సెల్ఫ్ త్రిప్పుచుండగా మరొకరు దూరముగ నిలిచి పొగ గొట్టమును చూడవలెను. ఒకసారి పది పదిహేను సెకండ్లకు మించి త్రిప్పరాదు. నడుమ రెండు నిమిషములైన ఆగవలెను. లేనిచో సెల్ఫ్ కాలిపోవును.

పొగ బొత్తిగా లేనిచో సిలిండరులోనికి డీజిలు చేరుట లేదు. అప్పుడు డీజిలు నడచు దారి వెంట, ట్యాంకు నుండి ఇంజను వైపునకు వరుసగా చూచుచు రావలెను. ట్యాంకులో డీజిలు ఉన్నదా? కుళాయి తెరచియున్నదా? స్టాపు తీగ పూర్తిగా వెనుకకు పోయినదా? పైన చెప్పిన రైతు ఈ మూడవ ప్రశ్న వేసికొనియుండినచో దినము దక్కియుండెడిది. తరువాత ఫిల్టరు క్రింద నీరు, మడ్డి నిలుచు గిన్నె చూడవలెను. డీజిలు క్రింద నీరు వేరుగా గాజువలె మెరయును. దానిని పారబోసి తుడిచి బిగించవలెను.

ఇవన్నియు సరిగా ఉన్నచో గొట్టములలో గాలి చేరియుండును. దీనినే ఎయిర్ పట్టినది అందురు. ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయినను, ఫిల్టరు మార్చినను ఎయిర్ పట్టుట సహజము. గాలి నొక్కినకొలది నొక్కుకొనును గనుక పంపు ఎంత కొట్టినను నాజిలు తెరచుకొనదు. దానిని తీయు విధము ఇది:

1. ట్యాంకు సగమునకు పైగా నింపి కుళాయి తెరవవలెను. ఫిల్టరు చుట్టు దుమ్ము తుడిచివేయవలెను.
2. ఫిల్టరుపై నున్న ఎయిర్ స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, చేతి పంపు కొట్టవలెను. మొదట నురుగు వచ్చును. బుడగలు లేక డీజిలు ధారగా వచ్చినపుడు, పంపు కొట్టుచుండగనే స్క్రూ బిగించవలెను.
3. రెండు ఫిల్టర్లు ఉన్నచో రెండవ దానికి కూడ ఇట్లే చేయవలెను.
4. పిదప డీజిలు పంపు మీది ఎయిర్ స్క్రూ వద్ద ఇదే పని చేయవలెను.
5. అప్పటికిని అందుకొననిచో నాజిళ్ళ వద్ద గొట్టముల నట్లను ఒక చుట్టు వదులు చేసి, సెల్ఫ్ త్రిప్పవలెను. నట్టు వద్ద డీజిలు వచ్చిన వెంటనే సెల్ఫ్ ఆపి బిగించవలెను. ఆ సమయమున ముఖము, చేతులు దూరముగ ఉంచవలెను.

ఎయిర్ స్క్రూ ఏ చోట నున్నదో ట్రాక్టరుతో వచ్చిన పుస్తకములో బొమ్మ ఉండును.

ఒకసారి ఎయిర్ తీసిన తరువాత మరల మరల పట్టుచున్నచో ఎక్కడనో గాలి లోనికి పీల్చుకొనుచున్నదన్నమాట. ఇచ్చట చాలమంది పొరబడుదురు. డీజిలు కారిన చోటు కొరకు వెదకి, ఎక్కడను తడి లేదని తృప్తి పడుదురు. ట్యాంకునకును చేతి పంపునకును నడుమ గొట్టములో ఇంజను నడచునపుడు డీజిలు బయటికి కారదు; గాలి లోనికి పోవును. కనుక పొడిగా ఉన్న చోటనే లోపము ఉండవచ్చును. పగిలిన రబ్బరు గొట్టమును, వదులైన క్లిప్పును, పలుమార్లు వాడి అణగిన రాగి వాషరును మార్చవలెను. వీని వెల స్వల్పము.

తెల్లని పొగ వచ్చుచున్నచో డీజిలు చేరుచున్నది కాని మండుట లేదు. అప్పుడు డీజిలు గొట్టములు విప్పరాదు. సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుచున్నచో గాలి వేడెక్కదు, బ్యాటరీని చూడవలెను. వడిగా తిరిగినను తెల్లపొగ పోనిచో నాజిళ్ళు చిమ్ముటకు మారుగా కార్చుచుండవచ్చును, లేదా కంప్రెషను తగ్గియుండవచ్చును. లాగినపుడే స్టార్టగుట, ఇంజను ఆయిలు తరచుగా పోయవలసివచ్చుట, నడచునపుడు నీలిపొగ, ఆయిలు పోయు మూత తీసినచో ఆవిరివలె పొగ ఎగదన్నుట రింగులు అరిగిన గుర్తులు. ఇవి మెకానిక్కు పనులు. పంటకాలము ముగిసిన వెంటనే చేయించుకొనవలెను.

నల్లని పొగ వచ్చినచో గాలి చాలుట లేదు. ఆయిలు గిన్నె గల ఎయిర్ క్లీనరును విప్పి చూడవలెను. గిన్నె అడుగున సుమారు ఒక సెంటీమీటరు మందము మడ్డి చేరినను, ఆయిలు చిక్కపడినను కడిగి క్రొత్త ఆయిలు పోయవలెను. గీతకు మించి పోయరాదు. ఎక్కువైన ఆయిలును ఇంజను పీల్చుకొని, అదుపు లేక పరుగెత్తు ప్రమాదము కలదు. పొడి దుక్కిలో దుమ్ము లేచునపుడు ఎయిర్ క్లీనరును ప్రతిదినము చూచుట మేలు.

మూడవ ప్రశ్న: ఎప్పుడు ఆగుచున్నది?

స్టార్టయిన ఇంజను ఆగిపోవు వేళయే లోపము ఉన్న చోటును చెప్పును.

ఒకటి రెండు నిమిషములలో ఆగినచో కుళాయి మూసియున్నది, లేదా గొట్టములలో ఎయిర్ ఉన్నది. పంపులో మిగిలిన డీజిలుతో నడచి, అది కాగానే ఆగుచున్నదన్నమాట.

అరగంట నడచి ఆగి, కొంతసేపటికి తిరిగి స్టార్టగుచున్నచో ట్యాంకు మూతను చూడవలెను. మూతలో గాలి పోవుటకు సన్నని రంధ్రము ఉండును. అది దుమ్ముతో మూసికొనిపోయినచో డీజిలు తగ్గినకొలది ట్యాంకులో గాలి వెలితి ఏర్పడి డీజిలు దిగదు. ఇంజను ఆగిన వెంటనే మూత తీసి వినవలెను. బుస్సుమని గాలి లోనికి పోవు శబ్దము వచ్చి, పిదప ఇంజను మామూలుగ నడచినచో లోపము అదే. రంధ్రమును సన్నని తీగతో శుభ్రము చేయవలెను.

ఖాళీగా బాగుగా నడచి, నాగలి దించగానే లేదా దమ్ములో దిగగానే బలము తగ్గి ఆగుచున్నచో ఫిల్టరు మూసికొనిపోయినది. తక్కువ డీజిలు చాలునపుడు తెలియని లోపము, ఎక్కువ కావలసినపుడు బయటపడును. ఫిల్టరును కడిగి వాడుట కంటె మార్చుట మంచిది.

గట్టు ఎక్కునపుడు, మలుపులలో ఆగుచున్నచో ట్యాంకులో డీజిలు తక్కువగా ఉండి గొట్టము తేలుచున్నది, లేదా అడుగున మడ్డి కదలి గొట్టమునకు అడ్డము పడుచున్నది.

బాగుగా వేడెక్కిన పిదప బిగిసినట్లు నడచి ఆగుచున్నచో రేడియేటరును చూడవలెను. నూర్పిడి రోజులలో పొట్టు, దుమ్ము రేడియేటరు సందులలో క్రిక్కిరిసియుండును. ఫాను బెల్టు వదులైనను ఇంజను కాగిపోవును. వేడిమీద మూత తీయరాదు. మరుగు నీరు ముఖముపై చిమ్మును. చన్నీళ్ళు పోయరాదు; సిలిండరు హెడ్డు పగులును. చల్లారిన పిదపనే నీరు పోయవలెను.

ఉదయము చల్లగా ఉన్నపుడు బాగుగా స్టార్టగుచు, మధ్యాహ్నము వేడిమీద ఆపినచో మరల అందుకొననిచో డీజిలు పంపు లోపల అరిగియుండును. వేడికి డీజిలు పలుచనై, అరిగిన సందులలో నుండి జారిపోవును. పంపుపై చన్నీళ్ళ గుడ్డ వేసి స్టార్టు చేయువారు కలరు. అది రోగమును దాచును గాని తీర్చదు. వేడి పంపు హఠాత్తుగ చల్లబడినచో బిగిసిపోవచ్చును. పంపును బెంచిమీద పరీక్షించు వారికి చూపవలెను.

ఎట్టి తొందరలోను చేయరాని పనులు

అదను తప్పునను తొందరలో ప్రాణమునకే మోసము తెచ్చుకొను పద్ధతులు కొన్ని మన గ్రామములలో ఉన్నవి. పదును పోయినచో మరొక వాన వచ్చును. మనిషి పోయినచో తిరిగి రాడు.

అన్నిటికంటె చెడ్డది, నేలపై నిలిచి సెల్ఫ్ కొనలను స్క్రూడ్రైవరుతో కలిపి స్టార్టు చేయుట. ట్రాక్టరు గేరులో ఉన్నచో ఆ క్షణముననే కదలును. నిలిచిన మనిషి వెనుక చక్రము ముందరనే ఉండును. తప్పుకొనుటకు వ్యవధి ఉండదు. క్లచ్చి స్విచ్చిని పీకివైచి తీగలు కలుపుట కూడ ఇట్టిదే. ఆ స్విచ్చి చెడినచో క్రొత్తది వేయించుడు. స్టార్టు చేయువాడు ఎల్లప్పుడు సీటులో కూర్చుండియే చేయవలెను.

ఎయిర్ క్లీనరు నోటివద్ద మండు గుడ్డ పట్టుట, పెట్రోలు పోయుట, ఈథరు చిమ్ముట చేయరాదు. వేడి తీగ గల ఇంజనులలో ఇవి పేలవచ్చును. పిస్టన్లు, రింగులు విరుగును.

ఇంజను నడచుచుండగా నాజిలు గొట్టము కారుచున్నదేమో యని చేతితో తడవరాదు. చదరపు సెంటీమీటరునకు సుమారు 200 కిలోల ఒత్తిడితో వచ్చు డీజిలు చర్మములోనికి దూసికొనిపోవును. గాయము సూది గ్రుచ్చినంతగనే కనిపించినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆలసించినచో చేయి పోవచ్చును.

మూసిన పాకలో ఇంజనును నడిపి పరీక్షించరాదు, పొగ విషము. లాగించి స్టార్టు చేయుటను అలవాటు చేసికొనరాదు. డీజిలు చేరని ఇంజనును ఊరంతయు లాగించినను అందుకొనదు.

ముందు జాగ్రత్త

రోహిణి కార్తెలోనే, అనగా తొలకరికి రెండు వారములు ముందుగా, ట్రాక్టరును ఒక పూట పరీక్షించుకొనుడు. బ్యాటరీ కొనలు శుభ్రము చేసి, స్టాపు తీగకు నూనె వేసి, ట్యాంకు మూత రంధ్రము చూచి, గిన్నెలోని నీరు తీసి, ఫిల్టరు మార్చుడు. వానకాలమున సాయంకాలము పని ముగియగనే ట్యాంకు నింపుట మంచిది. ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి తేమ నీరుగా మారి డీజిలులో కలియును. డీజిలును పీపాలో నిలువ చేయువారు దానిని కదపక కొంతకాలము ఉంచి, అడుగున కొంత వదలి, పైది మాత్రమే శుభ్రమైన జల్లెడ గరాటుతో పోసికొనవలెను.

ట్రాక్టరు పెట్టెలో రెండు మూడు పానాలు, స్క్రూడ్రైవరు, క్రొత్త ఫిల్టరు ఒకటి, రాగి వాషర్లు, క్లిప్పులు, శుభ్రమైన గుడ్డ ఉండవలెను. వీనితో పాటు ఒక చిన్న నోటు పుస్తకము కూడ ఉంచుడు. ట్రాక్టరు ఏ దినమున, ఎంతసేపు నడచిన పిదప, ఎట్లు ఆగినది, ఏమి చేయగా బాగయినది వ్రాసికొనుడు. సంఘముల ఉమ్మడి ట్రాక్టర్లను, అద్దెకిచ్చు కేంద్రములను చూచు గ్రామ అధికారులకు ఈ పుస్తకము మరింత అవసరము. డ్రైవరు మారినను ట్రాక్టరు చరిత్ర అందులో నిలుచును. మెకానిక్కు వచ్చినపుడు ఆ పుట చూపినచో ఆయన వెదకు పని తగ్గును; మీ ఖర్చును తగ్గును.

ట్రాక్టరు నడపుట, బాగుచేయుటలలో శిక్షణ కోరువారు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వము నడుపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థకు వ్రాసి వివరములు తెలిసికొనవచ్చును. ఇంటిలో ఒక యువకుడో యువతియో ఈ పని నేర్చుకొన్నచో ఆ ఇంటికే గాక చుట్టుప్రక్కల నాలుగిండ్లకు మేలు కలుగును.

మెకానిక్కు అవసరము లేదని నేను చెప్పుట లేదు. పంపు, నాజిళ్ళు, రింగులు ఆయన పనియే. కాని ఆయనను పిలుచుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొని, చేతికందునవి చూచుకొన్నచో అనేక పర్యాయములు ఆయన కొరకు ఎదురుచూడ పనియుండదు. ఈ తొలకరిలో మొదటి వాన పడిన మరునాడు మీ నాగలి సాలులో ఉండవలెనన్నచో, ఆ పరీక్ష ఈ వారమే చేయుడు.